నార్వేలో ఏ ఊరు ఎంచుకోవాలి? ఐదు నగరాల పోలిక

నార్వేలో ఉద్యోగమో, విశ్వవిద్యాలయంలో సీటో దొరికే అవకాశం ఉన్నవాళ్లలో చాలామంది ఊరిని ఫోటోలు చూసి ఎంచుకుంటారు. ప్రెయికెస్టూలెన్ బండ అంచున నిలబడిన మనిషి, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన గెయిరాంగర్ ఫియర్డ్‌లోకి దూకే జలపాతాలు, ట్రోమ్సో ఆకాశంలో ఆకుపచ్చటి అరోరా (ధ్రువకాంతి). అవి నిజంగానే అంత అందంగా ఉంటాయి. అయితే అక్కడ స్థిరపడినవాళ్లకు అవి సెలవు రోజుల దృశ్యాలు. నవంబరులో ఒక మంగళవారం, నాలుగింటికి పని ముగిసి బయటికి వచ్చేసరికే చీకటి పడిపోయింది. అప్పుడు మీరు ఎక్కడికి వెళ్లగలరు, ఎలా వెళ్లగలరు, ఎవరితో వెళ్లగలరు? ఊరిని ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు కనబడలేదు. ఓస్లో, బెర్గెన్, ట్రాండ్‌హైమ్, స్టవాంగర్, ట్రోమ్సో నగరాలను ఇక్కడ ఆ ప్రశ్నతోనే పోలుస్తున్నాను.

## ఏ ఊళ్లో ఉన్నా దక్కేవి

దేశమంతటా ఒకేలా ఉండేవాటిని ముందు చెప్పుకుంటే తర్వాత గందరగోళం ఉండదు. పనివారం చట్టప్రకారం 40 గంటలు దాటకూడదు, కార్మిక సంఘాలతో ఉమ్మడి ఒప్పందాలున్న సంస్థల్లో 37.5 గంటలే. ఏడాదికి నాలుగు వారాల ఒక రోజు సెలవు చట్టం ఇచ్చిన హక్కు, చాలా చోట్ల ఐదు వారాలు ఇస్తారు. బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 49 వారాల భత్యంతో కూడిన సెలవు ఉంటుంది. అందులో 15 వారాలు తండ్రి వాటా, ఆయన తీసుకోకపోతే ఆ వారాలు పోయినట్టే. ఏడాది నిండిన పిల్లలకు బార్నెహాగె అనే శిశుకేంద్రంలో చోటు పొందే హక్కు ఉంది. 2025 ఆగస్టు నుంచి దాని రుసుము నెలకు 1,200 క్రోనర్లకు మించకూడదు. ప్రతి ఒక్కరికీ ఒక కుటుంబ వైద్యుడు ఉంటాడు. ఏడాదిలో వైద్యానికి మీరు కట్టే రుసుములు మూడు వేల పైచిలుకు క్రోనర్ల పరిమితికి చేరాక మిగిలినది ప్రభుత్వమే భరిస్తుంది. పెద్దల పంటి వైద్యం మాత్రం ఇందులోకి రాదు, ఖరీదు కూడా ఎక్కువ. బయలుదేరే ముందే పళ్లు చూపించుకోవడం మంచిది.

వీటన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది మరొకటి ఉంది. అలెమన్స్‌రెట్టెన్ అని పిలిచే ఆ హక్కును 1957లో చట్టంగా రాశారు. సాగులో లేని భూమి ఎవరిదైనా సరే, దాని మీద ఎవరైనా నడవవచ్చు, స్కీ చేయవచ్చు, అడవి పళ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. దగ్గరలో ఇల్లు ఉంటే దానికి కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేసుకోవచ్చు. టికెట్టు లేదు, గేటు లేదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు అడవిలోనూ దాని దగ్గరా నిప్పు రాజేయకూడదన్నది ముఖ్యమైన నిబంధన. 1868లో ఏర్పడిన నార్వే పర్వతారోహణ సంఘానికి దేశమంతటా 550కి పైగా క్యాబిన్లు ఉన్నాయి. కొన్నింటిలో సిబ్బంది ఉండరు. అక్కడున్న తిండి సరుకులు వాడుకుని, ఖర్చు మీరే లెక్కగట్టి చెల్లించి రావాలి. ఆ నమ్మకం మీదే దశాబ్దాలుగా నడుస్తున్నాయి. సంపన్నులకు మాత్రమే దక్కే ప్రకృతి ఎంత అందంగా ఉన్నా దాన్ని జీవన నాణ్యత అనలేం. నార్వేలో అది కూలివాడికీ, కంపెనీ అధిపతికీ ఒకటే.

## ఊరిని బట్టి మారేవి

వెలుతురు. హైదరాబాద్‌లో డిసెంబరులో కూడా పదకొండు గంటల పగలు ఉంటుంది. నార్వేలో దక్షిణాన ఆరు గంటలు, ఉత్తరాన సున్నా. ఇది మనసు మీద పనిచేస్తుంది, ఒంటి మీద కూడా. మన చర్మఛాయకు తగినంత విటమిన్ డి తయారు కావాలంటే ఎక్కువ ఎండ కావాలి, ఆ ఎండ అక్కడ అక్టోబరు నుంచి మార్చి వరకు దాదాపు దొరకదు. నార్వే ఇళ్లలో చలికాలమంతా కాడ్ చేప కాలేయపు నూనె తాగే అలవాటు ఇందుకే పుట్టింది. శాకాహారులు వైద్యుడిని అడిగి మాత్రలు వాడుకోవాలి.

వాన, గాలి, నేల మీద మంచు. చలి గురించి అందరూ భయపడతారు కానీ అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల తీరప్రాంతాల్లో చలి అనుకున్నంత తీవ్రంగా ఉండదు. ట్రోమ్సోలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే తక్కువ. అసలు ఇబ్బంది ఎడతెగని జల్లు, తీరపు గాలి, కరిగి మళ్లీ గడ్డకట్టి అద్దంలా జారే కాలిబాట.

కారు లేకుండా బతకగలమా? భారతీయ డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నివాసం ఏర్పరచుకున్నాక మూడు నెలల వరకే చెల్లుతుంది. తర్వాత నార్వే లైసెన్సు కావాలి, దానికి శిక్షణ ఖర్చు చాలా ఎక్కువ. అందుకని మొదటి ఏడాది రెండేళ్లు మీ కొండలూ అడవులూ బస్సు, ట్రాము, రైలు వెళ్లగలిగినంత దూరంలోనే ఉంటాయి.

పని, భాష. సాఫ్ట్‌వేర్, చమురు, పరిశోధన రంగాల్లో ఇంగ్లిష్‌తో మొదలుపెట్టవచ్చు. మిగతా దాదాపు అన్నిటికీ నార్వేజియన్ కావాలి. పైగా అక్కడ ప్రతి ప్రాంతం తన యాసనే మాట్లాడుతుంది, టీవీలో కూడా. తరగతిలో ఓస్లో యాస నేర్చుకున్నవాళ్లకు బెర్గెన్‌లో మొదటి నెలలు కష్టంగా ఉంటాయి.

ఖర్చు. అద్దెతో పాటు కరెంటు బిల్లును తప్పకుండా చూడాలి. ఇళ్లను వెచ్చబెట్టేది ఎక్కువగా కరెంటే. దేశాన్ని ఐదు విద్యుత్ ధరల ప్రాంతాలుగా విభజించారు, మనం చూస్తున్న ఐదు నగరాలూ ఐదు వేర్వేరు ప్రాంతాల్లో ఉన్నాయి. 2021 నుంచి దక్షిణాన ధరలు బాగా పెరిగాయి, ట్రాండ్‌హైమ్, ట్రోమ్సోలలో చాలాకాలం చౌకగానే ఉన్నాయి. ఉత్తర నార్వే ఇళ్ల కరెంటుకు విలువ ఆధారిత పన్ను కూడా లేదు. 2025 అక్టోబరు నుంచి ప్రభుత్వం స్థిర ధర పథకం పెట్టడంతో దక్షిణాది వాళ్లకు కొంత ఊరట వచ్చింది.

| నగరం | జనాభా (సుమారు) | డిసెంబరు 21న పగలు | ఏటా వర్షపాతం (సుమారు) | ఉపాధిలో ముఖ్యమైనవి |
|---|---|---|---|---|
| ఓస్లో | 7 లక్షలు | 6 గంటలు | 800 మి.మీ. | సాఫ్ట్‌వేర్, ప్రభుత్వం, ఆర్థిక సంస్థలు |
| బెర్గెన్ | 2.9 లక్షలు | 6 గంటల లోపు | 2,500 మి.మీ. | నౌకారంగం, చేపల పెంపకం, సముద్ర పరిశోధన |
| ట్రాండ్‌హైమ్ | 2.1 లక్షలు | నాలుగున్నర గంటలు | 900 మి.మీ. | విశ్వవిద్యాలయం, సాంకేతిక పరిశోధన, చిప్ డిజైన్ |
| స్టవాంగర్ | 1.5 లక్షలు | 6 గంటల పైన | 1,250 మి.మీ. | చమురు, సహజవాయువు, ఇంధన రంగం |
| ట్రోమ్సో | 80 వేల లోపు | సూర్యోదయమే ఉండదు | 1,000 మి.మీ. | విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, ధ్రువ పరిశోధన, పర్యాటకం |

## ఓస్లో: మెట్రో చివరి స్టేషన్‌లో అడవి

ఓస్లోకు పెద్ద అందగత్తె అన్న పేరు లేదు. పడమటి తీరంలో లాగా నీటి మీదికి నిలువునా లేచిన కొండలు ఇక్కడ లేవు. ఓస్లో ఫియర్డ్ నెమ్మదైన, విశాలమైన నీరు. దాని ఆరోగ్యం కూడా అంత బాగా లేదు, కాడ్ చేపలు తగ్గిపోవడంతో వాటి వేటను 2019లో నిషేధించారు. అయినా మంగళవారం సాయంత్రం పరీక్షలో ఓస్లో బలంగా నిలుస్తుంది.

కారణం మార్కా. నగరాన్ని చుట్టి ఉన్న ఈ అడవిలో ఇళ్లు కట్టకుండా 2009లో ప్రత్యేక చట్టమే చేశారు. నగర మెట్రో నేరుగా దాని అంచుకు తీసుకువెళ్తుంది. ఐదో నంబరు రైలు సోంగ్స్‌వాన్ చెరువు దగ్గర ఆగుతుంది, ఒకటో నంబరు ఫ్రోగ్నెర్‌సెటెరెన్ కొండ మీద ఆగుతుంది. స్కీలు పట్టుకుని ఆఫీసు దుస్తులవాళ్ల పక్కన కూర్చోవడం అక్కడ మామూలు విషయం. చలికాలంలో కొన్ని దారులకు రాత్రిదాకా దీపాలు వెలుగుతాయి, కాబట్టి నాలుగింటికే చీకటి పడినా రోజు ముగిసిపోదు. ఫ్రోగ్నెర్‌సెటెరెన్ నుంచి కిందికి రెండు కిలోమీటర్ల పొడవున మంచుబండి దారి ఉంది. పిల్లలు జారుకుంటూ కిందికి వస్తారు, మెట్రో ఎక్కి మళ్లీ పైకి వెళ్తారు. వేసవిలో అదే నెలవారీ పాసుతో పడవ ఎక్కి ఫియర్డ్‌లోని చిన్న దీవులకు వెళ్లి ఈత కొట్టవచ్చు. 2020లో తెరిచిన డైక్మన్ గ్రంథాలయం వానరోజుల్లో కుటుంబమంతటికీ రెండో ఇల్లు అవుతుంది, అదీ ఉచితంగా.

మన వంటకు కావలసినవి గ్రోన్‌లాండ్ ప్రాంతంలోని దక్షిణాసియా దుకాణాల్లో దొరుకుతాయి. శ్రీలంక తమిళులు నిలబెట్టుకున్న సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉంది. దుబాయ్, దోహాలకు నేరుగా విమానాలుండటంతో హైదరాబాద్‌కు ఒక్క మార్పుతో చేరవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి బెంగపడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ధర మాత్రం గట్టిగా చెల్లించాలి. దేశంలో ఇళ్ల ధరలు అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. అందుకని చాలామంది దూరపు శివార్లకు వెళ్తారు. అలా వెళ్లేటప్పుడు మెట్రో లైను వదలకుండా ఉండటం ముఖ్యం.

## బెర్గెన్: దేశంలోకెల్లా అందమైన నగరం, వానతో సహా

ఏడు కొండల మధ్య రేవు, నీటి ఒడ్డున రంగురంగుల చెక్క ఇళ్ల వరుస బ్రిగ్గెన్. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నగరం నడిబొడ్డు నుంచి ఫ్లోయెన్ కొండ మీదికి 1918 నుంచి తాడుతో లాగే రైలు నడుస్తోంది, నడకైతే గంటలోపే. మీరు పని ముగించి కొండ మీద నిలబడటానికి కారు అక్కర్లేదు, ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించక్కర్లేదు. వారాంతంలో రైలెక్కితే నాయ్‌రోయ్ ఫియర్డ్, 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయిన సోంగ్నె ఫియర్డ్. 1909లో పూర్తయిన ఓస్లో–బెర్గెన్ రైలు మార్గం చెట్టన్నది లేని పీఠభూమి మీదుగా దాదాపు ఏడు గంటలు సాగుతుంది. ఈ ఊళ్లో ఉండేవాళ్లకు అది రాజధానికి వెళ్లే మామూలు దారి.

ఇక వాన. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసేదానికి మూడింతలు. మన తొలకరిలా దంచికొట్టి తెరిపివ్వదు. రోజుల తరబడి బూడిదరంగు ఆకాశం, సన్నటి జల్లు, పక్కనుంచి కొట్టే గాలి. 2006 అక్టోబరు చివర మొదలై 85 రోజులపాటు ఒక్క రోజు కూడా విడవకుండా వాన పడింది. స్థానికులు గొడుగు కన్నా వాన ప్యాంటు, వాన కోటునే నమ్ముకుంటారు, గాలికి గొడుగు నిలవదు. ఆ దుస్తులు తొడుక్కుని బయటికి వెళ్లడానికి మీరు సిద్ధపడితే ఏడు కొండలూ మీవే. ఆకాశం మూసుకుంటే మనసూ మూసుకుపోయే స్వభావం మీదైతే ఈ ఊరు వద్దనే చెబుతాను. మే నెల తేటపడిన రోజుల్లో బెర్గెన్ చూసి మనసు పారేసుకుని, అదే ఆధారంగా నిర్ణయం తీసుకోవద్దు.

## ట్రాండ్‌హైమ్: ఎవరూ ముందు తలచని ఊరు

పర్యాటకుల జాబితాలో ఇది వెనకబడి ఉంటుంది. నీదరోస్ కేథడ్రల్, నీద్ ఎల్వ నది ఒడ్డున చెక్క గిడ్డంగులు ఒక రోజులో చూసేయవచ్చు. ఉండటానికి మాత్రం ఐదింటిలో అత్యంత సులభమైన నగరం ఇదేనని నా అభిప్రాయం. ఇరవై నిమిషాల సైకిలు ప్రయాణంలో దాదాపు అన్నీ ఉంటాయి. ఎత్తు ఎక్కలేని సైకిళ్ల కోసం 1993లోనే ఒక లిఫ్టు కూడా పెట్టారు. ఊరి ట్రాము లీయన్ దాకా, అంటే బీమార్కా అడవి దాకా వెళ్తుంది. ఫియర్డ్ ఒడ్డున లాదె కాలిబాట ఉంది.

దేశంలోని ప్రధాన సాంకేతిక విశ్వవిద్యాలయం ఎన్‌టీఎన్‌యూ ఇక్కడే ఉంది, దాని చుట్టూ సింటెఫ్ పరిశోధన సంస్థ, చిప్ డిజైన్ కంపెనీలు పెరిగాయి. ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులు వచ్చే ఊరు కాబట్టి పరదేశికి స్నేహాలు కొంచెం త్వరగా కుదురుతాయి. లోపాలు రెండు. ఈ రంగాలు దాటితే ఉద్యోగాలు తక్కువ. చలికాలంలో మంచు కరిగి గడ్డకట్టి వీధులు జారుతుంటాయి, బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు లేకుండా అడుగు బయటపెట్టకూడదు.

## స్టవాంగర్: మెత్తని చలికాలం, చమురు మీద ఆధారపడిన జీవితం

1969లో ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడ్డాక ఈ చేపల ఊరు రూపు మారింది. జాతీయ చమురు కంపెనీ ఈక్వినార్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. అంతర్జాతీయ ఉద్యోగులు ఎక్కువ, చాలా కార్యాలయాల్లో ఇంగ్లిష్ నడుస్తుంది, అంతర్జాతీయ పాఠశాల ఉంది. జీతాలు బాగుంటాయి. అయితే 2014లో చమురు ధర పడిపోయినప్పుడు ఈ ఊళ్లో వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. భార్యాభర్తలిద్దరూ చమురు రంగంలోనే ఉంటే ఆ ప్రమాదం రెట్టింపు.

604 మీటర్ల ప్రెయికెస్టూలెన్‌కు 2019లో తెరిచిన 14 కిలోమీటర్ల సముద్రగర్భ సొరంగం వల్ల పడవ అవసరం లేకుండా వెళ్లవచ్చు. రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్ల నడక. దక్షిణాన యారెన్ తీరంలో పొడవాటి ఇసుక ఒడ్డులు, పచ్చటి పొలాలు, అడ్డులేని ఆకాశం. ఊళ్లో మంచు నిలవదు, స్కీ కోసం లోపలి కొండలకు కారులో వెళ్లాలి. దట్టమైన అడవి ఇంటి పక్కనే కావాలనుకునేవాళ్లకు ఇక్కడ అసంతృప్తి మిగులుతుంది. చలినీ మంచునూ చూసి భయపడేవాళ్లకు మాత్రం ఇది మంచి ప్రవేశద్వారం.

## ట్రోమ్సో: రెండు నెలల చీకటి, రెండు నెలల పగలు

ధ్రువవృత్తానికి దాదాపు 350 కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. అంటే కటిక చీకటి అని కాదు. మధ్యాహ్నం కొన్ని గంటలపాటు మంచు కొండల మీద నీలం, గులాబీ రంగుల సంధ్యాకాంతి పరుచుకుంటుంది. ఆ వెలుగును ఇష్టపడి అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు, మొదటి జనవరిలోనే తిరుగుముఖం పట్టినవాళ్లూ ఉన్నారు. మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. చీకటి గురించి భయపడుతూ వచ్చినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ వేసవి నిద్రలేమి, నల్లటి కర్టెన్లు మొదటి కొనుగోలు కావాలి.

ప్రకృతి విషయంలో దీనికి సాటి వచ్చే నగరం ఐదింటిలో లేదు. వంతెన దాటితే నేపాలీ షెర్పాలు రాళ్లతో కట్టిన సుమారు 1,200 మెట్లు కొండ మీదికి తీసుకువెళ్తాయి. క్వాలోయా దీవి, లింగెన్ ఆల్ప్స్, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా అరోరా. ఇది ఉత్తరాది ఆదివాసులైన సామీ జనుల నేల కూడా. ఫిబ్రవరిలో వాళ్ల పండుగ వారంలో ఊరి ప్రధాన వీధిలోనే రెయిన్‌డీర్ పందేలు జరుగుతాయి. కానీ ఊరికి రైలు లేదు. ఓస్లోకు విమానంలో రెండు గంటలు. పర్యాటకుల తాకిడి పెరగడంతో అద్దె ఇల్లు దొరకడం కష్టమైపోయింది. మంచు కొండల మీద మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది, ఆ రోజు హెచ్చరిక స్థాయి చూడకుండా ఎవరూ వెళ్లరు.

## ఎవరికి ఏది

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేయాలనుకుంటే ఓస్లో. కుటుంబ వీసాపై వచ్చిన భాగస్వామికి పని చేసే హక్కు ఉంటుంది, కానీ హక్కు ఉండటం వేరు, భాష రాకముందే పని దొరకడం వేరు. చిన్న ఊళ్లో ఒకరు ఉద్యోగంలో స్థిరపడి, మరొకరు చీకటి కాలంలో ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతే ఏ ఫియర్డ్ అందమూ ఆ లోటు తీర్చలేదు. ఈ ఒక్క విషయాన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

చిన్న పిల్లలున్న కుటుంబంలో ఒకరి ఉద్యోగం సాంకేతిక రంగంలో ఖాయమైతే ట్రాండ్‌హైమ్‌కే నా ఓటు. అక్కడి పొరుగువారు తమంతట తాము పలకరించరు. పరిచయాలు పిల్లల ఆటల సంఘం ద్వారానో, వసంతంలో అపార్ట్‌మెంటు వాళ్లంతా కలిసి ఆవరణ శుభ్రం చేసే దుగ్నాద్ రోజునో మొదలవుతాయి. మధ్యస్థ నగరంలో ఆ ముఖాలే మళ్లీ మళ్లీ కనబడతాయి కాబట్టి చెలిమి త్వరగా పెరుగుతుంది.

చదువుకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. యూరప్ బయటి నుంచి వచ్చే విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ 2023 శరత్తు నుంచి ఫీజు ఉంది. ఉచిత చదువు అన్న పాత మాట నమ్మి లెక్కలు వేసుకోవద్దు.

ఒంటరిగా ఉండి, కొండలంటే పిచ్చి ప్రేమ ఉన్నవాళ్లకు బెర్గెన్ లేదా ట్రోమ్సో. ట్రోమ్సోకు శాశ్వతంగా మారే ముందు ఏడాది ఒప్పందంతో వెళ్లి ఒక చలికాలం చూడటం మేలు. అమ్మానాన్నలను పిలిపించుకునే ఉద్దేశం ఉంటే ఏ ఊరైనా సరే జూన్, జులై, ఆగస్టుల్లోనే పిలవండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో జారే కాలిబాటల మీద అరవై దాటినవాళ్లను నడిపించడం మంచిది కాదు.

వారం రోజుల యాత్రకు మాత్రమే వెళ్లేవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వేసవిలో ఓస్లో నుంచి బెర్గెన్‌కు రైలు, అక్కడి నుంచి ఫియర్డ్‌లు. చలికాలంలో ట్రోమ్సో.

## ఒప్పుకునే ముందు

ఇంటర్వ్యూకు పిలుపు నవంబరులోనో ఫిబ్రవరిలోనో వస్తే వదులుకోవద్దు, ఊరిని చూడటానికి అవే సరైన నెలలు. ఉద్యోగం ఇచ్చేవాళ్లను మూడు విషయాలు అడగండి: పనిలో ఏ భాష వాడతారు, నార్వేజియన్ తరగతుల ఖర్చు భరిస్తారా, మొదటి నెలల్లో ఇల్లు వెతకడంలో సాయం చేస్తారా. ఇల్లు చూసేటప్పుడు అద్దెలో కరెంటు, వెచ్చదనం కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. మ్యాపులో ఆఫీసుకు ఎంత దూరమో చూసినట్టే, దీపాలున్న నడకదారికి ఎంత దూరమో కూడా చూడండి. అడ్వాన్సు ఆరు నెలల అద్దెకు మించకూడదని చట్టం చెబుతుంది, ఆ సొమ్మును మీ పేరున తెరిచిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలోనే ఉంచాలి. యజమాని సొంత ఖాతాలో వేయమంటే ఆ ఇల్లు వదిలేసి మరొకటి వెతుక్కోండి.